మన వంశవృక్షాల్లో అమ్మల పేర్లేవి?

ఈ మధ్య మన వైపు ఒక కొత్త ముచ్చట మొదలైంది. ఒకే ఇంటిపేరు వాళ్ళంతా ఒక ఆదివారం ఫంక్షన్ హాల్లో కలుస్తారు. స్టేజీ వెనుక పెద్ద ఫ్లెక్సీ కడతారు. దాని మీద చెట్టు బొమ్మ, కొమ్మకొమ్మకూ పేర్లు. దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు, వాట్సాప్ గ్రూపులో పెడతారు. భోజనాలు బాగుంటాయి. బతుకుదెరువుకు బొంబాయి, భివండి, సూరత్, దుబాయి అని తలో దిక్కు పోయిన కుటుంబాలు ఒక పూట ఒక్కచోట కూర్చోవడం మంచిదే. దాన్ని నేను తప్పు పట్టను.

నా తగువు ఆ చెట్టుతోనే.

మా అత్తగారి వైపు వాళ్ళు చేయించిన చెట్టులో ఏడు తరాలున్నాయి. ఏడు తరాల్లో ఒక్క ఆడమనిషి పేరు లేదు. చిటారు కొమ్మన మా బాబు పేరుంది. వాడికంటే ఐదేళ్ళు పెద్దదైన మా పాప పేరు లేదు. చూస్తుంటే ఏడు తరాల పాటు ఈ మగవాళ్ళు ఒకరినొకరు కనుకుంటూ వచ్చారేమో అనిపించింది.

చేయించిన పెద్దాయన నాకు చిన్నమామ వరస అవుతాడు. అడిగాను. ఆయన నవ్వి, "ఆడపిల్ల అంటేనే ఆడి పిల్ల గదమ్మా, ఈడ ఎట్ల రాస్తం?" అన్నాడు. సరే, మరి కోడండ్ల పేర్లు? "వాళ్ళు బయటి నుంచి వచ్చినోళ్ళాయె." అంటే పుట్టింటి చెట్టులో మనం ఉండం, వెళ్ళిపోయాం కాబట్టి. అత్తింటి చెట్టులోనూ ఉండం, వచ్చాం కాబట్టి. ఇంతకీ మనం ఎక్కడ ఉన్నట్టు? ఏ చెట్టుకూ కాయకుండా, ఏ కొమ్మకూ పూయకుండా గాలిలో పుట్టి గాలిలో పోయామా?

ఇలాంటి ఫ్లెక్సీ మీ ఇంట్లోనూ వేయించి ఉంటారు, లేదంటే రేపు వేయిస్తారు. అందుకే ఇది రాస్తున్నాను. ఆడవాళ్ళ పేర్లు లేని చెట్టు కుటుంబ చరిత్ర కాదు. అది భూమి వాటాల జాబితా. దానికి ఆకులు, కొమ్మలు గీసి రంగులు వేశారు, అంతే.

ఎందుకంత మాటన్నానో చెబుతాను. మన దగ్గర ముత్తాతల సంగతి తవ్వేవాళ్ళు మొదట పోయేది పహాణీ దగ్గరికి. హైదరాబాద్ రాష్ట్రంలో 1954-55లో తయారైన ఖాస్రా పహాణీ అంటే ఇప్పటికీ భూమి తగాదాల్లో పెద్ద సాక్ష్యం. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, కాస్తు చేసేవాడి పేరు అందులో దొరుకుతాయి. తండ్రి పేరుకు 'వల్ద్', భార్యకు 'జౌజే', విధవకు 'బేవా' అని ఉర్దూ మాటలు మన పాత కాగితాల్లో కనిపిస్తాయి. కానీ పహాణీ రాసింది మన ఇంటి కథ చెప్పడానికి కాదు. ఈ చెలక ఎవరిది, శిస్తు ఎవరు కట్టాలి అన్నదే దాని ప్రశ్న. పట్టా ఎక్కువగా మగవాడి పేరు మీద ఉండేది కాబట్టి మగవాడి పేరే దొరుకుతుంది. ఆ నకళ్ళు ముందు పెట్టుకుని, దొరికిన పేర్లు వరసగా రాసి, "ఇదే మన వంశం" అంటే ఎలా? శిస్తు లెక్కలో లేనివాళ్ళు ఇంట్లో కూడా లేనట్టేనా?

చిన్నమామ దగ్గర ఇంకో జవాబు కూడా ఉంది. "రాద్దామన్నా ఆడోళ్ళ పేర్లకు రికార్డేదమ్మా?" ఈ మాట చాలా మంది నోట విన్నాను. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అందుకే దీని సంగతి కొంచెం తీరిగ్గా చూద్దాం.

దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగాయి. ఓటర్ల జాబితాలు రాయడానికి ఇంటింటికీ తిరిగితే, లక్షల మంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్యను, ఫలానా వారి తల్లిని అని చెప్పారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఇది కుదరదన్నారు. ఓటు మనిషిది, మనిషికి పేరుండాలి అన్నది ఆయన పట్టు. చివరికి సుమారు 8 కోట్ల మంది ఆడ ఓటర్లలో దాదాపు 28 లక్షల మంది పేర్లు జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. ఎక్కువ భాగం ఉత్తరాది రాష్ట్రాలవే అయినా, మనం మురిసిపోవాల్సిన పని లేదు. మన ఊళ్ళల్లోనూ ఆడమనిషిని ఏమని పిలిచేవాళ్ళు? పెద్దోడి తల్లి. పటేలు ఇంటామె. నడిపోని పెండ్లాం. భర్త పేరు నోటితో అనకపోవడం ఆమెకు నేర్పిన మర్యాద. కొత్త కోడలు గడప దాటేటప్పుడు ఆడబిడ్డలు అడ్డం నిలబడి, నవ్వుతూ మొగుడి పేరు చెప్పిస్తారు కదా, ఆ ఒక్క రోజు చెప్పింది చెప్పడమే. ఆయన పేరు ఆమె అనకపోతే దాన్ని మర్యాద అన్నారు. ఆమె పేరు ఈ ఇంట్లో ఎవరూ అనకపోతే దాన్నేమనాలి?

ఇంకో రకం రికార్డు చూడండి. 1860 నవంబర్ 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు చేరింది. చెరకు తోటల్లో కూలికి ఒప్పంద పత్రం మీద మనుషులను తీసుకుపోయిన ఓడల్లో నాటాల్‌కు అదే మొదటిది. 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా అలా ఒక్క నాటాల్‌కే వెళ్ళారు. వాళ్ళలో తెలుగువాళ్ళు చాలా మంది. మన నిజాం ఇలాకా నుంచి కాదు, కోస్తా జిల్లాలు, చిత్తూరు వైపు నుంచి. ఆ ఓడల జాబితాల్లో ఆడవాళ్ళకు కూడా విడిగా ఒక వరస ఉంది. ఆమె పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చ. మారిషస్‌కు పోయినవాళ్ళ రికార్డులు అక్కడి మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. కొందరికి ఫొటోలు కూడా ఉన్నాయి. ఇవాళ అక్కడి మనవరాళ్ళు ఆ కాగితం పట్టుకుని, మా ముత్తవ్వ ఫలానా ఊరి మనిషి అని వెతుక్కుంటూ విశాఖపట్నం వైపు వస్తున్నారు.

ఆ తెల్ల దొరలు మంచివాళ్ళని నేననడం లేదు. వాళ్ళకు కూలీ కావాలి, పారిపోతే పట్టుకోవడానికి గుర్తు కావాలి, అందుకే రాశారు. నాకు మండేది ఇందుకే. కూలి చేయించుకున్న పరాయివాడి పుస్తకంలో ఆమెకొక పేరు, ఒక ఊరు, ఒక పుట్టుమచ్చ ఉన్నాయి. కన్న బిడ్డలు గీసిన చెట్టులో ఆమె లేదు.

ఇక మన మెట్‌పల్లికి వద్దాం. మన కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పక్క ఇండ్లలో ఆడవాళ్ళ పేరున్న కాగితం లేదని ఎవరైనా అంటే, వాళ్ళు ఇంట్లో బీరువా తెరవలేదని అర్థం. బీడీలు చేసిన ఆడవాళ్ళున్న ప్రాంతం ఇది. చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని, కత్తెరతో ఆకు కోసి, దారం చుట్టి, రోజుకు ఇన్ని వందలని లెక్కపెట్టి కార్ఖానాకు ఇచ్చి వచ్చినవాళ్ళే మన అమ్మలు, అత్తమ్మలు. బీడీ కార్మికులకు 1966లో ఒక చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాయి. 1977 నుంచి పీఎఫ్ వర్తించింది. కాబట్టి గుర్తింపు కార్డు ఉంటుంది, పీఎఫ్ నంబరు ఉంటుంది, దాని మీద ఆమె పేరే ఉంటుంది. ఆ పీఎఫ్ ఆధారంగానే తెలంగాణలో బీడీ పింఛను ఇస్తున్నారు. 2019 నుంచి అది నెలకు 2,016 రూపాయలు. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు "పిల్లకు పీఎఫ్ కార్డు ఉందా?" అని అడిగిన రోజులు నాకు బాగా గుర్తు. సంబంధానికి ఆమె కార్డు కావాలి, ఇల్లు గడవడానికి ఆమె బీడీల పైసలు కావాలి. చెట్టు గీసేటప్పుడు మాత్రం ఆమె పేరుకు రికార్డు లేదు!

అంతకు ముందు తరం సంగతికి వస్తే, మెట్‌పల్లి ఖాదీ పేరు తెలియనివాళ్ళు మన పక్కన ఎవరున్నారు? ఆ బట్టకు నూలు వడికిన చేతులు ఎక్కువగా ఎవరివి? సిరిసిల్లలో మగ్గం నడిపినవాడి పేరు లెక్కల పుస్తకంలో ఉండేది. పక్కన కూర్చుని రోజంతా కండెలు చుట్టి ఇచ్చిన ఇల్లాలు ఆ పేరులోనే కలిసిపోయింది. ఆమె పని లేనిదే ఒక్క గజం బట్ట దిగేది కాదు.

మా చెట్టులో మూడో తరం ముసలాయన భార్య సంగతి తెలుసుకుందామని నేను కూర్చున్నది ఈ కోపంతోనే. ఆమె మా మామయ్యకు నాయనమ్మ. పేరు అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. అందరూ చెప్పింది ఒకటే, "కోరుట్లామె." ఖాస్రా పహాణీ నకలు తీసి చూస్తే, ఆమె పేరు ఉండాల్సిన చోట ముసలాయన పేరు, పక్కన 'బేవా' అని ఉంది. అంటే 1954 నాటికే ఆయన లేడు, భూమి ఆమె చేతిలో ఉంది. చెట్టు గీసినవాళ్ళు కూడా ఈ నకలు చూసే గీశారు. ఆ ఒక్క మాట దగ్గర ఎవరూ ఆగలేదు.

ఆడవాళ్ళను పుట్టిన ఊరి పేరుతో పిలిచే అలవాటును మనం చిన్నచూపు చూస్తాం గానీ, వెతికేవాళ్ళకు అదే దారి. మెట్‌పల్లామె, ధర్మపురామె, వేములవాడ చిన్నమ్మ అన్న పిలుపులో పుట్టింటి అడ్రసు దాగి ఉంది. పేర్లలో కూడా అంతే. మన పక్క గంగవ్వలు గోదావరి తల్లి పేరు పెట్టుకున్నవాళ్ళు, రాజవ్వలు వేములవాడ రాజన్నకు మొక్కి కన్నవాళ్ళు, నర్సవ్వలు ధర్మపురి నర్సన్న పేరువాళ్ళు. ఒక పేరు దొరికితే ఆ తల్లిదండ్రులు ఏ దేవుడి దగ్గర తలనీలాలు ఇచ్చారో కూడా ఊహించవచ్చు.

కోరుట్లలో పుట్టింటివాళ్ళ ఆచూకీ దొరకలేదు. అయితే ఆమెకొక కూతురుండేదని, మెట్‌పల్లికే ఇచ్చారని మా అత్తమ్మ చెప్పింది. ఆ కూతురూ లేదు, ఆమె బిడ్డ ఉంది, ఎనభై దాటిన అవ్వ. మా ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉంటుంది. ఇన్నేళ్ళలో ఫంక్షన్ హాలు మీటింగుకు ఆమెను ఎవరూ పిలవలేదు. ఇంటిపేరు వేరు కదా.

నేను వెళ్ళి అడిగితే అవ్వ మనవడితో సజ్జ మీది రాగి కాగు దింపించింది. చింతపండు పెట్టి తోమింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. కూతురి పెళ్ళికి తల్లి పెట్టిన కాగు అది. ఇచ్చిన తల్లి పేరు, పుచ్చుకున్న కూతురి పేరు, రెండూ ఉన్నాయి. "మా అమ్మమ్మ కష్టపడి కొన్నది బిడ్డా, అందుకే అమ్మలే," అంది అవ్వ. ఆ పేరు మా ఇంటి పిల్లలకు చెప్పాను. ఇక్కడ రాయను, అది మా ఇంటి సొత్తు.

ఆ పేరుతో పాటు కథ కూడా వచ్చింది. భర్త పోయేనాటికి ఆమె పిల్లలు చిన్నవాళ్ళు. పాలివాళ్ళు భూమి అమ్మెయ్యమన్నారు. ఆమె అమ్మలేదు. అరక కిరాయికి తెచ్చి దున్నించింది. రాత్రిళ్ళు రాట్నం వడికి, నూలు చిలపలు మూట కట్టుకుని మెట్‌పల్లికి నడిచి వచ్చి ఇచ్చి, ఆ కూలితో ఇల్లు గడిపిందట. ఆ భూమే తర్వాత కొడుకులకు వాటాలై, మనుమలకు వాటాలై వచ్చింది. ఇవాళ ఫ్లెక్సీ మీద ఎన్ని కొమ్మలున్నాయో అన్నిటికీ మట్టి మిగిల్చింది ఆమె. ఆ పేరు దాచి ఉంచింది ఎవరు? 'ఆడి పిల్ల' అని చెట్టు మీది నుంచి నరికేసిన కొమ్మ. ఇది మీ ఇంట్లో కూడా నిజమయ్యే అవకాశం ఎక్కువ. తల్లుల సంగతులు కూతుళ్ళ దగ్గరే ఉంటాయి. కూతుళ్ళను తీసేస్తే తల్లులూ పోతారు.

ఇలాంటి కాగులు, బిందెలు, తాంబాళాలు మన ఇండ్లలో ఎన్ని ఉండేవి! పెళ్ళికి పెట్టిన ప్రతి సామాను మీద పేరు చెక్కించేవాళ్ళు. మన ఆడవాళ్ళ రికార్డాఫీసు సజ్జ మీదే ఉండేది. పాత ఇత్తడికి కొత్త స్టీలు అని మార్చుకున్నప్పుడల్లా, తూకానికి వేసినప్పుడల్లా ఒక పేరు కరిగిపోయింది. చదువురాని తల్లులు కూడా తమ పేరు రాగి మీద రాయించుకున్నారు. చదువుకున్న కొడుకులు ఫ్లెక్సీ మీద రాయలేకపోయారు.

ఇప్పుడు సంప్రదాయం మాటకు వస్తాను. వంశం తండ్రి వైపు నడుస్తుంది, శాస్త్రం అలా ఉంది అంటారు. ధర్మపురిలో గోదావరి ఒడ్డున తర్పణం వదిలేటప్పుడు అయ్యగారు ఏం అడుగుతారో ఈ మాటనేవాళ్ళు గుర్తు చేసుకోవాలి. తండ్రి, తాత, ముత్తాత పేర్లతో ఆగరు. తల్లి పేరు, నాయనమ్మ పేరు, ఆమె అత్తగారి పేరు కూడా అడుగుతారు. తల్లి తండ్రి వైపు వాళ్ళ పేర్లూ అడుగుతారు. అప్పుడు నీళ్ళల్లో నిలబడిన మగవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ఇంటికి ఫోన్ చేసి ఆడవాళ్ళను అడుగుతారు. శాస్త్రం అడుగుతూనే ఉంది. మరిచిపోయింది మనం.

ఇంకా వెనక్కి పోదామంటారా? మన జగిత్యాల జిల్లాలోనే, వెల్గటూరు మండలంలో, గోదావరి పక్కన కోటిలింగాల ఉంది. శాతవాహనుల తొలినాళ్ళ నాణేలు దొరికిన చోటు. ఆ శాతవాహన రాజులు తమను ఎలా చెప్పుకున్నారు? గౌతమీపుత్ర శాతకర్ణి. వాసిష్ఠీపుత్ర పులుమావి. తల్లి పేరు ముందు, తన పేరు తర్వాత. గౌతమీ బాలశ్రీ తన కొడుకు గొప్పతనం చెబుతూ వేయించిన శాసనం నాసిక్ గుహలో ఇప్పటికీ ఉంది. రాజ్యాలేలినవాళ్ళకు తల్లి పేరు చెప్పుకోవడం నామోషీ కాలేదు. రెండెకరాల చెలక, ఒక ఫ్లెక్సీ ఉన్నవాళ్ళకు మాత్రం అయింది.

"బొమ్మ మీద పేరు లేకపోతే ఏం కొంప మునిగింది వదినా, ఎందుకింత రాద్ధాంతం?" అని మా మరిది అన్నాడు. కొంపే మునుగుతుంది. ఇంటి పెద్ద పోయాక విరాసత్ కోసం వారసుల పేర్లు రాసి ఇవ్వాలి. అప్పుడు ఇంట్లో చేతికి దొరికేది ఈ చెట్టే. ఇందులో లేని కూతురు ఆ కాగితంలోనూ ఉండదు. లేదా ఉంటుంది, "నాకేమీ వద్దు" అన్న సంతకం పెట్టడానికి మాత్రం ఉంటుంది. చట్టం చూస్తే వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి, అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చారు. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటా పెళ్ళైన కూతుళ్ళకూ అది వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. చట్టంలో నలభై ఏళ్ళుగా ఉన్న కూతురు మన బొమ్మలో ఇంకా ఎందుకు లేదు? అన్నదమ్ములతో తగువు పెట్టుకోమని నేను చెప్పడం లేదు. వాటా తీసుకోవడం, తీసుకోకపోవడం ఎవరి ఇష్టం వాళ్ళది. కానీ వదులుకోవాలన్నా ముందు ఉండాలి కదా. లేని మనిషి దేన్ని వదులుకుంటుంది?

మగవాళ్ళు గీస్తారని ఇక ఎదురుచూడొద్దు. ఇది మన పని. పెద్ద ఖర్చూ లేదు. సద్దుల బతుకమ్మకు కూతుళ్ళంతా పుట్టింటికి వస్తారు. అందరూ ఒక్కచోట ఉండే ఆ రెండు రోజుల్లో ఒక నోటుబుక్కు తీయండి. ఇంట్లో అందరికంటే పెద్ద వయసు ఆడమనిషి దగ్గర కూర్చోండి. మీ అమ్మ పేరేంటి, ఆమె తల్లి పేరేంటి, ఏ ఊరు, పుట్టింటి ఇంటిపేరేంటి అని అడగండి. పెళ్ళిలో పేరు మార్చారా అని అడగండి. ఎంత మందిని కన్నారు, దక్కనివాళ్ళెందరు అని మెల్లగా అడగండి, ఆ లెక్క ఏ కాగితంలోనూ ఉండదు. ఏం పని చేసేవాళ్ళని అడగడం మరువకండి. బీడీ కార్డు, రేషన్ కార్డు, పాత ఓటరు జాబితా ఉంటే ఫోన్లో ఫొటో తీసుకోండి. సజ్జ మీది సామాను దింపి, తోమి, చెక్కిన అక్షరాలు చదవండి. పిలుపు లచ్చవ్వ, కాగితంలో లక్ష్మి అయితే రెండూ రాయండి. కూతురికి రెండు ఇంటిపేర్లుంటే రెండు చెట్లలోనూ రాయండి, సెల్‌ఫోన్లో నాలుగు వేల ఫొటోలు దాచుకునేవాళ్ళకు ఇంకో పేరు బరువు కాదు.

అవ్వకు ఇప్పుడు ఎనభై దాటాయి. అలాంటి అవ్వ మీ వాడకట్టులోనూ ఒకరుంటారు. ఆమె మాట్లాడగలిగినన్ని రోజులే ఆ రికార్డాఫీసు తెరిచి ఉంటుంది. మీ అమ్మమ్మను కన్న తల్లి పేరేంటి? ఇప్పటికిప్పుడు చెప్పగలరా? చెప్పగలిగితే ఈ రోజే ఎక్కడో ఒకచోట రాసి పెట్టండి. లేకపోతే ఫోన్ చేసి అడగండి.